ఇంజిన్ పరిమాణం – అశ్వశక్తి: కారుకు, ట్రాక్టరుకు లెక్క ఎందుకు మారుతుంది?

కొంతకాలం క్రితం ఒక రైతు సదస్సులో నల్లరేగడి నేలల యాజమాన్యం గురించి మాట్లాడి వేదిక దిగుతుండగా ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. “అయ్యా, మా అబ్బాయి కారు ఇంజిను 1,200 సి.సి., 80 హెచ్.పి. ఇస్తుందట. మా ట్రాక్టరు ఇంజిను దానికి రెండింతల పైన ఉంది. హెచ్.పి. చూస్తే 45 మాత్రమే. ఇందులో ఏదో మోసం ఉందంటారా? పెద్ద ట్రాక్టరు తీసుకుందామని బ్యాంకు అప్పు కోసం కాగితాలు కూడా పెట్టుకున్నాను.”

ఇది అమాయకమైన ప్రశ్న కాదు. ఇంజిన్ పరిమాణానికి, శక్తికి గల సంబంధం స్పష్టంగా తెలియకపోవడం వల్ల రైతు కొన్ని లక్షల రూపాయల నిర్ణయాన్ని ఒకే ఒక అంకె ఆధారంగా తీసుకోవలసి వస్తున్నది. ఆ నిర్ణయం ప్రభావం అప్పు మీద, డీజిలు ఖర్చు మీద, చివరకు నేల ఆరోగ్యం మీద కూడా పడుతుంది. కాబట్టి ఈ సంబంధాన్ని మొదటి నుంచి పరిశీలిద్దాం.

సి.సి. అంటే ఏమిటి?

ఇంజిన్ సిలిండరులో పిస్టన్ పై అంచు నుంచి కింది అంచు వరకు కదిలినప్పుడు ఖాళీ అయ్యే స్థలాన్ని ఘన సెంటీమీటర్లలో, అంటే సి.సి.లలో కొలుస్తారు. సిలిండర్లన్నింటి స్థలాన్ని కలిపితే వచ్చేదే ఇంజిన్ పరిమాణం. 1,000 సి.సి. ఒక లీటరుకు సమానం. ఉదాహరణకు సిలిండర్ వ్యాసం 8.9 సెం.మీ., పిస్టన్ నడిచే దూరం 11 సెం.మీ. అనుకుందాం. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, దానిని 0.785తోను, 11తోను గుణిస్తే సుమారు 684 సి.సి. వస్తుంది. ఇటువంటి సిలిండర్లు నాలుగు ఉంటే మొత్తం దాదాపు 2,740 సి.సి. అవుతుంది. 45 హెచ్.పి. తరగతి ట్రాక్టర్లలో ఈ పరిమాణం గల ఇంజిన్లు సాధారణం.

గమనించవలసిన విషయం ఏమిటంటే సి.సి. శక్తికి కొలత కాదు. ఇంజిన్ ఒక్కసారి ఎంత గాలిని లోపలికి తీసుకోగలదో చెప్పే కొలత మాత్రమే. ఇంధనం మండాలంటే గాలి కావాలి. ఎంత గాలి ఉంటే అంత ఇంధనాన్నే మండించగలం. అయితే ఒక్కసారికి ఎంత అన్నది తెలిసినంత మాత్రాన నిమిషానికి ఎంత అన్నది తెలియదు.

మోట ఉపమానం

మోట తోలిన తరం వారికి ఈ తేడా సులభంగా అర్థమవుతుంది. గంటకు బావిలో నుంచి ఎంత నీరు పైకి వచ్చిందన్నది రెండింటి మీద ఆధారపడేది: బొక్కెన ఎంత పెద్దది, గంటకు ఎన్నిసార్లు పైకి వచ్చింది. పెద్ద బొక్కెనను నిదానంగా లాగినా, చిన్న బొక్కెనను వడివడిగా లాగినా కాలువలో పారే నీరు ఒకటే కావచ్చు. ఇంజిన్ పరిమాణం బొక్కెన వంటిది. ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య, అంటే ఆర్.పి.ఎం., బొక్కెన ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క వంటిది. కాలువలో పారే నీరు అశ్వశక్తి.

అశ్వశక్తి అనే కొలతను ప్రచారంలోకి తెచ్చినవాడు జేమ్స్ వాట్. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేయగలదో కొనుగోలుదారులకు తెలియజెప్పడానికి ఆయన ఈ పోలికను వాడుకున్నాడు. మెట్రిక్ లెక్కలో 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపగల శక్తి ఒక అశ్వశక్తి. ఒక జత ఎద్దులు నిలకడగా అందించగల శక్తి సుమారుగా ఇంతే, లేదా ఇంతకు కొంచెం తక్కువ. ఈ నిర్వచనంలో బరువు ఎంత ముఖ్యమో, సెకను అనే కాలపరిమాణం కూడా అంతే ముఖ్యం. శక్తి అంటే బలం మాత్రమే కాదు, ఆ బలం ఎంత వేగంగా పని చేస్తుందన్నది కూడా.

ఇంజిన్ తిప్పే బలాన్ని టార్క్ అంటారు. టార్కును న్యూటన్ మీటర్లలో తీసుకొని, ఆర్.పి.ఎం.తో గుణించి, సుమారు 7,000తో భాగిస్తే అశ్వశక్తి వస్తుంది. దీనినే తిరగవేసి మన పెద్దాయన ప్రశ్నకు అన్వయిద్దాం. 45 హెచ్.పి.ని 1,900 ఆర్.పి.ఎం. వద్ద ఇచ్చే ట్రాక్టర్ ఇంజిన్ తిప్పే బలం సుమారు 166 న్యూటన్ మీటర్లు. 80 హెచ్.పి.ని 6,000 ఆర్.పి.ఎం. వద్ద ఇచ్చే కారు ఇంజిన్ తిప్పే బలం అప్పుడు సుమారు 93 న్యూటన్ మీటర్లు మాత్రమే. హెచ్.పి.లో ట్రాక్టరు కారుకు సగం కంటే కొంచెం ఎక్కువ. తిప్పే బలంలో కారు కంటే ముప్పాతిక వంతుకు పైగా అధికం. ఇందులో మోసమేమీ లేదు. రెండు ఇంజిన్లు రెండు వేర్వేరు పనుల కోసం తయారైనవి.

గాలి లెక్క

నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలిని పీల్చుకుంటుంది. 1.2 లీటర్ల కారు ఇంజిన్ 6,000 ఆర్.పి.ఎం. వద్ద నిమిషానికి 3,000 సార్లు నిండుతుంది, అంటే లెక్క ప్రకారం 3,600 లీటర్ల గాలి. 2.74 లీటర్ల ట్రాక్టర్ ఇంజిన్ 1,900 ఆర్.పి.ఎం. వద్ద 950 సార్లు నిండుతుంది, అంటే సుమారు 2,600 లీటర్లు. పరిమాణంలో చిన్నదైన కారు ఇంజిన్ నిమిషానికి పీల్చే గాలి దాదాపు 40 శాతం ఎక్కువ. శక్తిలోని తేడాలో పెద్ద భాగం ఇక్కడే తేలిపోతుంది.

మిగిలిన తేడాకు ముఖ్య కారణం ఇంధనం మండే తీరు. పెట్రోలు ఇంజిన్లో ఇంధనం, గాలి ముందే కలిసి ఉంటాయి కాబట్టి లోపలికి వచ్చిన గాలి దాదాపు అంతా వినియోగమవుతుంది. డీజిల్ ఇంజిన్లో ఇంధనాన్ని చివరి క్షణంలో పిచికారీ చేస్తారు. అది గాలితో పూర్తిగా కలిసే వ్యవధి ఉండదు. గాలి అవసరానికి మించి ఉండేటట్లు చూడకపోతే నల్లని పొగ వస్తుంది. అందువల్ల డీజిల్ ఇంజిన్లో కొంత గాలి వాడకుండా మిగిలిపోవడం తప్పనిసరి.

శక్తికి మూలం పరిమాణం కంటే గాలి అని గ్రహిస్తే మరికొన్ని విషయాలు కూడా అర్థమవుతాయి. టర్బోచార్జర్ బయటికి పోయే వేడి వాయువులతో తిరుగుతూ సిలిండర్లలోకి అదనపు గాలిని నొక్కి పంపుతుంది. కాబట్టి అదే సి.సి.తో ఎక్కువ హెచ్.పి. సాధ్యమవుతుంది. మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్, నాలుగు సిలిండర్ల సాధారణ ఇంజిన్‌తో సమానంగా పని చేయగలగడానికి కారణం ఇదే. దీనికి భిన్నంగా, టర్బో లేని ట్రాక్టరును సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయకు తీసుకువెళితే అక్కడ గాలి సాంద్రత 8 – 9 శాతం తక్కువ కనుక శక్తి కూడా ఇంచుమించు అంతే తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద ఉన్న గాలి కంటే 45 డిగ్రీల వద్ద ఉన్న గాలి సుమారు 6 శాతం పలుచన. వేసవి దుక్కిలో మధ్యాహ్నం వేళ ట్రాక్టరు కొంత నీరసించినట్లు డ్రైవర్లు చెప్పే మాటలో నిజం ఉంది. ఇక దుమ్ముతో నిండిన ఎయిర్ క్లీనర్ అరకులోనే కాదు, ఎక్కడైనా ఇంజిన్ ఊపిరిని బిగబట్టేదే.

చిన్న ఇంజిన్‌ను వేగంగా తిప్పి దున్నలేమా?

1.2 లీటర్ల ఇంజిన్‌కు తగిన గేర్లు బిగించి ట్రాక్టరుగా ఎందుకు వాడకూడదన్న సందేహం సహజంగా కలుగుతుంది. గేర్ల ద్వారా వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుకోవచ్చునన్నది నిజమే. అయితే మూడు అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది పని భారం. చిన్న కారు చదునైన రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో సాగిపోవడానికి 20 హెచ్.పి. కూడా అవసరం ఉండదు. 80 హెచ్.పి. అవసరమయ్యేది ఓవర్‌టేక్ చేసే కొద్ది క్షణాలు మాత్రమే. దుక్కిలో ఉన్న ట్రాక్టరు తన శక్తిలో 70 – 80 శాతాన్ని గంటల తరబడి ఇస్తూనే ఉండాలి.

రెండవది అరుగుదల. 7.2 సెం.మీ. దూరం నడిచే కారు పిస్టన్ 6,000 ఆర్.పి.ఎం. వద్ద సగటున సెకనుకు 14 మీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. 11 సెం.మీ. నడిచే ట్రాక్టర్ పిస్టన్ 1,900 ఆర్.పి.ఎం. వద్ద సెకనుకు 7 మీటర్ల వేగంతోనే కదులుతుంది. ఆ సగం వేగమే ట్రాక్టర్ ఇంజిన్‌కు దీర్ఘాయుష్షును ఇచ్చే కారణాలలో ఒకటి.

మూడవది బలం నిల్వ. దున్నుతూ ఉండగా నాగలి హఠాత్తుగా గట్టి నేలలోకి దిగితే ఇంజిన్ వేగం పడిపోతుంది. మంచి ట్రాక్టర్ ఇంజిన్లో ఆర్.పి.ఎం. తగ్గేకొద్దీ టార్క్ కొంతవరకు పెరుగుతుంది. అందువల్ల ఇంజిన్ మూలిగినా ఆగదు. గట్టి భాగం దాటగానే మళ్లీ వేగం అందుకుంటుంది. ట్రాక్టరు కొనేటప్పుడు గరిష్ఠ హెచ్.పి.తో పాటు గరిష్ఠ టార్క్ ఎంత, అది ఎన్ని ఆర్.పి.ఎం. వద్ద వస్తుంది అన్న రెండు అంకెలను కూడా అడిగి తెలుసుకోవాలి.

ఇంజిన్ నుంచి నేల వరకు

రైతుకు ఇంతకంటే ముఖ్యమైన లెక్క మరొకటి ఉంది. ప్రకటనలో కనిపించే హెచ్.పి. సాధారణంగా ఇంజిన్ వద్ద కొలిచినది. రోటవేటర్, నూర్పిడి యంత్రం వంటి వాటిని తిప్పే పి.టి.ఓ. వద్దకు చేరేసరికి అందులో సుమారు 85 – 90 శాతం మిగులుతుంది. నాగలిని లాగే డ్రాబార్ వద్దకు వచ్చేసరికి నేల కూడా తన వాటా తీసుకుంటుంది. వెనుక చక్రాలతో మాత్రమే నడిచే 45 హెచ్.పి. ట్రాక్టరుకు పి.టి.ఓ. వద్ద 39 హెచ్.పి. ఉంటే, గట్టి నేల మీద డ్రాబార్ వద్ద సుమారు 28, దున్నిన నేల మీద 26, మెత్తని నేల మీద 21 హెచ్.పి. మాత్రమే దక్కుతుంది. మిగిలినది గేర్ల రాపిడిలోను, చక్రాల జారుడులోను, మట్టిలో టైరు దిగబడటంలోను ఖర్చవుతుంది.

ప్రకటనకు, పొలానికి మధ్య ఉన్న ఈ అంతరం పాత సమస్యే. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మాట్ క్రోజియర్ అనే రైతు తాను కొన్న ట్రాక్టర్ల పనితీరు అమ్మకందారుల మాటలకు తగినట్లు లేకపోవడంతో విసిగిపోయాడు. శాసనసభ్యుడైన తరువాత, పరీక్షకు నిలిచిన ట్రాక్టర్లనే రాష్ట్రంలో అమ్మాలనే చట్టం కోసం పాటుపడ్డాడు. 1919లో ఆ చట్టం వచ్చింది. 1920లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో పరీక్షలు ప్రారంభమయ్యాయి. మన దేశంలో ఇటువంటి బాధ్యతను మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ నిర్వహిస్తున్నది. దక్షిణ ప్రాంత సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉన్నది. పరీక్షా నివేదికలో పి.టి.ఓ. శక్తి, డ్రాబార్ శక్తి, ఇంధన వినియోగం విడివిడిగా ఉంటాయి. రంగుల కరపత్రం కంటే ఆ నివేదికలోని రెండు పుటలు రైతుకు ఎక్కువ మేలు చేస్తాయి.

మన నేల ఎంత శక్తిని అడుగుతుంది?

ఒక్కొక్కటి 30 సెం.మీ. వెడల్పు గల రెండు రెక్కల నాగలితో 20 సెం.మీ. లోతున దున్నుతున్నామనుకుందాం. నాగలి కోసే మట్టి అడ్డుకోత 60 × 20, అంటే 1,200 చదరపు సెం.మీ. బరువైన నల్లరేగడిలో చదరపు సెం.మీ.కు 0.7 కిలోల ప్రతిఘటన ఉందని లెక్కకు తీసుకుంటే మొత్తం లాగుడు 840 కిలోలు. గంటకు 4 కిలోమీటర్ల వేగం సెకనుకు 1.11 మీటర్లు. 840ని 1.11తో గుణించి 75తో భాగిస్తే సుమారు 12.4 హెచ్.పి. డ్రాబార్ వద్ద అవసరమని తేలుతుంది. ఇదే నాగలి తేలికపాటి ఎర్ర చల్కా నేలలో చదరపు సెం.మీ.కు 0.4 కిలోల ప్రతిఘటనను ఎదుర్కొంటే లాగుడు 480 కిలోలు, శక్తి సుమారు 7 హెచ్.పి. మాత్రమే. నేలలో తేమ, లోతు, నాగలి పదును మారితే ఈ అంకెలు మారతాయి. లెక్క పద్ధతి మాత్రం మారదు.

హెచ్.పి. ఒక్కటే చూస్తే నల్లరేగడికి 35 హెచ్.పి. ట్రాక్టరు చాలినట్లే కనిపిస్తుంది. అయితే ట్రాక్టరు తన బరువులో దాదాపు సగానికి మించి నిలకడగా లాగలేదు. చక్రాలు అదుపు తప్పి జారతాయి. 840 కిలోలు లాగాలంటే 1,800 కిలోల ట్రాక్టరుకు అది అంచు మీది పని. చక్రాల జారుడు 10 – 15 శాతం మధ్య ఉండటం మేలు. కనుక బరువైన నల్లరేగడిలో ఇటువంటి దుక్కికి 40 – 45 హెచ్.పి. తరగతి సమంజసం. ఎర్ర నేలలలో 30 – 35 హెచ్.పి. సరిపోతుంది. అంతకు మించిన హెచ్.పి. వెడల్పైన పనిముట్టు కట్టినప్పుడే అక్కరకు వస్తుంది. పనిముట్టు మార్చకుండా ట్రాక్టరును మాత్రమే పెంచుకుంటే ఆ అదనపు శక్తి పని లేకుండా ఉండిపోతుంది.

అధిక శక్తికి నేల చెల్లించే మూల్యం

శక్తి పెరిగితే సాధారణంగా బరువు కూడా పెరుగుతుంది. సస్యశాస్త్ర దృష్టిలో అసలు ఆందోళన ఇక్కడే ఉంది. పై పొర ఎంత అణగుతుందన్నది టైరు నేలను నొక్కే ఒత్తిడి మీద ఆధారపడుతుంది. లోపలి పొర ఎంత అణగుతుందన్నది మాత్రం ప్రధానంగా ఇరుసు మీద పడే మొత్తం బరువును బట్టి ఉంటుంది. పై పొరను తిరిగి దున్ని సరిచేసుకోవచ్చు. నాగలి అందని లోతులో గట్టిపడిన పొరను సరిచేయడం కష్టం, ఖర్చుతో కూడిన పని.

వరి మాగాణులలో దమ్ము చేసేటప్పుడు ఏర్పడే గట్టి పొర వరికి నీటిని నిలిపి మేలు చేస్తుంది. కాని అదే పొలంలో వరి తరువాత మినుము, పెసర వేసినప్పుడు వాటి వేళ్లు ఆ పొర వద్ద ఆగిపోతాయి. పైరు మిగులు తేమ మీదనే బతకవలసిన కాలంలో వేరు లోతుకు దిగలేకపోతే దిగుబడి ఎలా వస్తుంది? అవసరానికి మించిన బరువుతో తడి పొలంలోకి దిగే ప్రతిసారీ ఆ పొరను మరింత గట్టిపరుస్తున్నామని గుర్తుంచుకోవాలి. దమ్ముకు తేలికైన ట్రాక్టరు, ఇనుప చక్రాలు వాడటం, నేల ఆరక ముందే బరువైన యంత్రాన్ని దింపకపోవడం పాటించదగిన నియమాలు.

కొనే ముందు చూసుకోవలసిన లెక్క

పై నాగలితో గంటకు 4 కిలోమీటర్ల వేగంతో, మలుపులకు పోయే కాలాన్ని కూడా కలుపుకొని, ఎకరా దున్నడానికి సుమారు రెండుంపావు గంటలు పడుతుంది. ఏడాదిలో అన్ని పనులకూ కలిపి ఎకరాకు 15 గంటలు అనుకున్నా అయిదెకరాల రైతుకు సొంత పని 75 గంటలే. ట్రాక్టరు ఖర్చు లెక్కించేటప్పుడు ఏడాదికి 1,000 గంటల వినియోగాన్ని ప్రాతిపదికగా తీసుకోవడం ఆనవాయితీ. మిగిలిన 900 గంటలకు పైగా కిరాయి పని దొరుకుతుందా లేదా అన్నది ఇంజిన్ సి.సి. కంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న. దొరకని పక్షంలో చిన్న ట్రాక్టరు గాని, నలుగురు కలిసి కొన్న ట్రాక్టరు గాని, కిరాయి ట్రాక్టరు గాని మేలు. 50 హెచ్.పి. పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కఠినమైన ఉద్గార ప్రమాణాలు అమలులోకి వచ్చినందున ఆ తరగతి కొనేవారు ధరను, మరమ్మతు సౌకర్యాన్ని కూడా విచారించుకోవాలి.

ఉన్న ట్రాక్టరును సరిగా వాడటం కూడా శక్తిని కొనడంతో సమానమే. గొర్రు, గుంటక వంటి తేలిక పనులలో తక్కువ గేరులో ఇంజిన్‌ను పూర్తి వేగంతో తిప్పడం కంటే, ఒక గేరు పెంచి థ్రాటిల్ తగ్గించి అదే వేగంతో నడిపితే డీజిలు ఆదా అవుతుంది. ఇంజిన్ నల్లని పొగ చిమ్ముతున్నా, థ్రాటిల్ పెంచినప్పుడు స్పందించకపోయినా భారం ఎక్కువైందని గ్రహించి గేరు తగ్గించాలి. పి.టి.ఓ. పనులలో మాత్రం యంత్రానికి నిర్దేశించిన వేగాన్ని, సాధారణంగా 540 చుట్లను, తప్పక పాటించాలి.

ఆనాడు ఆ పెద్దాయనకు కాగితం మీద ఈ లెక్కలే వేసి చూపించాను. ఆయనకు ఉన్నది ఏడెకరాల నల్లరేగడి, రెండు రెక్కల నాగలి. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, “అయితే నా ట్రాక్టరు తక్కువది కాదన్న మాట. అప్పు సంగతి మళ్లీ ఆలోచిస్తాను” అన్నారు. ట్రాక్టరు ఎంత పెద్దదన్న ప్రశ్నకు ముందు పొలం ఎంత అడుగుతున్నదన్న ప్రశ్న వేసుకోవడం అలవాటైతే, రైతుకు అప్పు భారం, నేలకు ఇరుసు భారం రెండూ తగ్గుతాయి.